గది అశోక్ నగర్‌లో, పరిచయం చిక్కడపల్లిలో

హైదరాబాదుకు కొత్తగా వచ్చినవాళ్లకు అశోక్ నగర్ ఎక్కడ ముగిసి చిక్కడపల్లి ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. పాతవాళ్లకు మరీ కష్టం. ఒకే వీధిలో కుడిపక్క ఇంటివారు తాము చిక్కడపల్లిలో వున్నామంటారు. ఎడమపక్కవారు అశోక్ నగర్ అంటారు. పోస్టుమాను ఇద్దరినీ నమ్మడు. సిటీ సెంట్రల్ లైబ్రరీ సంగతీ అంతే. కొందరు చిక్కడపల్లి లైబ్రరీ అంటారు, కొందరు అశోక్ నగర్ లైబ్రరీ అంటారు. చిక్కడపల్లి పెద్దరోడ్డు పట్టుకుని దక్షిణంగా కాస్త నడిస్తే నారాయణగూడ వచ్చేస్తుంది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషను నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషను వరకు 11 కిలోమీటర్ల మెట్రో రైలు తెరిచారు. ఆ దారిలో ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ వరసగా మూడు స్టేషన్లు. కాని రైల్లో పోతే మేడలమీది నీళ్లట్యాంకులూ, ఆరేసిన బట్టలూ తప్ప మరేమీ కనపడవు. ఈ పేటలు చూడాలంటే నడిచే పోవాలి.

మూడు పేటలకీ మూడు స్వభావాలు. ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ దగ్గర సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్ల ముందు కొత్త సినిమా విడుదలైననాడు కాలు పెట్టడానికి చోటుండదు. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. దాకా ఉక్కువంతెన తెరిచారు. అది ఈ కూడలిలో మెట్రోకి కూడా పైనుంచి పోతుంది. నేలమీద బస్సు, దానిపైన రైలు, ఆ పైన కారు! మధ్యతరగతి మనిషి తలెత్తి తన భవిష్యత్తు చూసుకోవడానికి వీలుగా కట్టారు కాబోలు. అక్కణ్ణుంచి ఇవతలికి వస్తే పొద్దున్న వేంకటేశ్వరస్వామి గుడి గంటలు, సాయంత్రం త్యాగరాయ గానసభలో చప్పట్లు. నారాయణగూడలో కాలేజీలు, వై.ఎం.సి.ఎ., టిఫిను హోటళ్లు. కుక్క కరిచినవాళ్లు సూదిమందు కోసం పరుగెత్తేది కూడా అక్కడి ఐ.పి.ఎం.కే.

అశోక్ నగర్ మాత్రం పరీక్షలపేట. ప్రతి మేడకూ ఒక శిక్షణాలయం బోర్డు, ప్రతి బోర్డుమీదా నవ్వుతున్న ర్యాంకర్ల ఫొటోలు. ర్యాంకు రానివాళ్లు ఆ బోర్డుల కింద మెస్సుల్లో భోంచేస్తూ వుంటారు. ఒక గదిలో నలుగురు, నలుగురికీ కలిపి ఒక కిటికీ. 2022లో తెలంగాణ రాష్ట్రపు మొదటి గ్రూప్-1 ప్రకటన 503 ఉద్యోగాలకు వెలువడినప్పుడు ఈ వీధుల్లో జాతర జరిగినట్లున్నది. ఆ అక్టోబరులో ప్రాథమిక పరీక్ష జరిగింది. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయని 2023 మార్చిలో దాన్ని రద్దుచేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దుచేసింది. 2024లో కొత్త ప్రకటన వచ్చి, ఆ యేడు అక్టోబరుకు గాని ప్రధాన పరీక్షలు జరగలేదు.

మా మేనల్లుడు ఈ పేటలో చేరింది 2022లోనే. ఇంజనీరింగు చదివి, నాలుగేళ్లు ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాసి, ఆ ప్రకటన చూసి రాజీనామా ఇచ్చాడు. గది అద్దెకోసం రాత్రిళ్లు పాత అలవాటు ప్రకారం ఎవరికో ఏదో రాసిపెడుతూ వుండేవాడు. పరీక్ష రెండోసారి రద్దయిన వారంలో మా ఇంటికి వచ్చి, "మామయ్యా, నేను రాసిన పరీక్ష రెండుసార్లు రద్దయింది గాని, నేను రాసిన ప్రోగ్రాము ఒక్కసారి కూడా రద్దు కాలేదు. ఇక దానిమీదే బతుకుతాను," అన్నాడు. మళ్లీ కంపెనీ ఉద్యోగం కాదు; ఎవరికి కావలసిన పని వాళ్లకు, మాట్లాడుకున్న ధరకు చేసిపెట్టడం. ఇంగ్లీషులో ఫ్రీలాన్సు అంటారు. మా అక్కయ్య భాషలో "నెలజీతం లేకపోవడం."

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ప్రోగ్రామంటే కంప్యూటరు చేయవలసిన పనిని దానికి తెలిసిన భాషలో అంచెలంచెలుగా రాసిపెట్టడమని వాడు నాకు చెప్పాడు. ఆ భాషలో ఒక్క చుక్క తప్పినా కంప్యూటరు ఒప్పుకోదట. మా విద్యార్థులకన్నా కంప్యూటరే నయమనిపించింది. పని చేయడం వాడికి చేతనవును. అడ్డంకల్లా ఆ పని దొరకడం దగ్గర వచ్చింది.

మొదటి యేడాది పని ఫోనులోనే వచ్చేది. రోజుకు నాలుగైదు కన్సల్టెన్సీలు. "మీ వివరాలు చూశామండీ, మీకు సరిగ్గా సరిపోయే అవకాశం వున్నది," అని ఒక అమ్మాయి తియ్యగా చెబుతుంది. సాయంత్రం మరో కన్సల్టెన్సీ నుంచి మరో అమ్మాయి అదే అవకాశం గురించి అంత తియ్యగానూ చెబుతుంది. అవకాశం ఒకటే, దాన్ని మోసుకు తిరిగేవాళ్లు అయిదుగురు. చివరికి ఒక సంస్థ ద్వారా గచ్చిబౌలిలో పెద్ద ఖాతాదారు దగ్గర ఆరునెలల పని కుదిరింది. నెలకు 85,000. మా అక్కయ్య చిక్కడపల్లి స్వామికి కొబ్బరికాయ కొట్టించింది.

మూడోనెల ఒక బిల్లు పొరబాటున మావాడికి వచ్చిన ఉత్తరాల్లో కలిసి వచ్చింది. ఆ ఖాతాదారు మావాడి పనికి నెలకు 1,90,000 ఇస్తున్నాడు! విచారిస్తే తేలిందేమంటే, ఖాతాదారు దగ్గర జాబితాలో పేరున్న సంస్థ ఒకటి. దానికి మనుషులను అందించేది మరొకటి. దానికి వెతికిపెట్టేది ఇంకొకటి. మావాడు నాలుగో మెట్టుమీద కూర్చున్నాడు. పైనుంచి వదిలిన నీళ్లు మూడు తూములు దాటి చివరి మడికి వచ్చేసరికి ఎంత వస్తాయో రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. ఆ వచ్చేదైనా వేళకు రాదు. మొదటి నెల పైకం మూడో నెలలో చేతికందింది. అడిగితే "పైవాళ్లు మాకివ్వలేదు," అన్నారు. ఆ పైవాళ్లు తమ పైవాళ్లను చూపించారు.

ఇది కొత్త విద్య కాదు. బ్రిటిషువాళ్ల కాలంలో మన తీరప్రాంతపు కూలీలను రంగూనుకు ఓడలమీద తోలుకుపోయింది మేస్త్రీలే. ముందు కొంత బయానా ఇచ్చి, తరవాత కూలిలో కోసుకునేవాళ్లు. కోరంగి రేవునుంచి పోయినవాళ్లు గనక బర్మావాళ్లు తెలుగువాళ్లను కోరంగీలన్నారు. పాలమూరు కూలీలను దేశమంతటా ఆనకట్టల పనులకు తీసుకుపోయిందీ గుంపుమేస్త్రీలే. కంప్యూటరు కాలానికి మేస్త్రీకి బల్లా, కుర్చీ, ఇంగ్లీషూ వచ్చాయి. షియాంగ్ బియావ్ అనే చైనా పరిశోధకుడు హైదరాబాదులోనూ, ఆస్ట్రేలియాలో సిడ్నీలోనూ తిరిగి, ఇలా మనుషులను అందించే వ్యాపారం గురించి 2007లో ఒక గ్రంథమే అచ్చువేశాడు. అందులోని ప్రోగ్రామర్లు చాలావరకు మన తెలుగువాళ్లే. పని లేనప్పుడు మనిషిని బెంచిమీద కూర్చోబెట్టడం, గొలుసుకట్టుగా ఏజెంట్లుండడం, చివరికి పెళ్లికట్నాలకూ ఈ వ్యాపారానికీ వుండే లంకె, అన్నీ రాశాడు. మన సంగతి చైనాయన రాస్తే చదివి తెలుసుకోవలసి వచ్చింది.

ఈ మాటలు నేను మావాడి గదిలో చెబుతూ వుంటే, వాడితోపాటు వుండే కుర్రవాడు నవ్వాడు. అచ్చంపేట దగ్గర ఒక పల్లెవాడు. అతనూ ప్రోగ్రాములే రాస్తాడు. "మా నాయిన గుంపుమేస్త్రి వెంబడి బొంబాయి దిక్కు పోయేటోడు సార్. మేస్త్రి ముందుగాల అడ్వాన్సన్న ఇచ్చేటోడు. వీళ్లు అది గూడ ఇస్తలేరు," అన్నాడు.

అయితే మధ్యవర్తిని ఊరికే తిట్టి లాభం లేదు. పెద్ద సంస్థలు ఒంటరి మనిషి ఉత్తరం రాస్తే జవాబివ్వవు. వాళ్లకు ఒక జాబితా వుంటుంది. అందులో పేరున్నవాడితోనే లావాదేవీ. ఆ గుమ్మం లోపలికి తీసుకుపోగలవాడు మధ్యవర్తే. పెళ్లిళ్ల పేరయ్య సంబంధం కుదిర్చి తాంబూలం పుచ్చుకుంటే ఎవరూ కాదనరు. కాని పేరయ్య తాంబూలం ఎంతో అందరికీ తెలుసు. కన్సల్టెన్సీ తాంబూలం ఎంతో పెళ్లికొడుక్కి తెలియదు. నాకు కిట్టనిది అదొక్కటే. ఇక పని ఇప్పిస్తామని ముందే డబ్బు కట్టమనేవాళ్లుంటారు. వాళ్లు మధ్యవర్తులు కారు, వట్టి దొంగలు. మావాడి ఒప్పందంలో మరో షరతు వున్నది: పని అయిపోయిన తరవాత రెండేళ్లదాకా అదే రకం పని మరెవరికీ చేయకూడదట! మా కాలేజీలో వాణిజ్యశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి అడిగాను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం మనిషి వృత్తికి అడ్డుకట్ట వేసే ఒప్పందం చెల్లదన్నాడు. నూటయాభై యేళ్లనాటి చట్టం! ఆ కాగితం రాసినవాళ్లకు ఇంకా అందలేదు కాబోలు.

ఆ ఆరునెలలూ గడిచాక మావాడు ఖాళీగా వున్నాడు. ఒక సాయంత్రం గానసభలో మా మిత్రుడి పుస్తకావిష్కరణకు నన్ను మాట్లాడమన్నారు. వాణ్ణి కూడా వెంటబెట్టుకుపోయాను. చిక్కడపల్లి ఎరిగినవాళ్లకు గానసభ సంగతి వేరే చెప్పాలా? పాటకచేరీ, నాటకం, సన్మానం, సంస్మరణ, ఏదో ఒకటి జరుగుతూనే వుంటుంది. వేదికమీద పదిమందీ, ఎదురుగా పాతికమందీ వుండే సభలు కూడా లేకపోలేదు. శాలువాలకు ఎన్నడూ కొదవుండదు. వచ్చేవాళ్లు సాహిత్యం కోసం ఎందరు వస్తారో గాని, నలుగురిని చూసి పలకరించడానికి అందరూ వస్తారు.

ముందువరసలో ఒక పెద్దావిడ, "మీ మేనల్లుడు ఏం చేస్తూ వుంటాడండీ?" అన్నారు. "ప్రోగ్రాములు చేస్తాడండీ," అన్నాను. "అలాగా బాబూ! గాత్రమా, వాద్యమా?" అని ఆవిడ వాణ్ణే అడిగారు. వాడు నీళ్లు నమిలాడు. పక్క కుర్చీలో వున్న పెద్దమనిషి ఫక్కున నవ్వారు. ఆయన ప్రభుత్వ ఖాతాల శాఖలో చేసి రిటైరయినవారు. నాకు ఏడాదికి రెండు మూడుసార్లు ఈ సభల్లోనే కనపడతారు. ఇంటిపేరు కూడా అప్పటికి సరిగా తెలియదు. నారాయణగూడలో ఒక మందుల టోకు వ్యాపారికి సాయంత్రాలు లెక్కలు చూసిపెడుతున్నారు. ఆ వ్యాపారికి పెద్ద బెడద ఒకటున్నది. గడువు తీరబోయే మందులు ఏ అరలో వున్నాయో తెలియదు. కంపెనీకి వాపసు పంపే తేదీ దాటిపోతే నష్టం తన నెత్తినే. "నువ్వు దీనికేమైనా చేయగలవా బాబూ?" అన్నారాయన. వేదికమీద నేను సాహిత్య ప్రయోజనం గురించి మాట్లాడుతూ వుండగా, కింద నా మేనల్లుడికి పని కుదిరింది. నా ఉపన్యాసానికి అంతకు ముందెన్నడూ అంత ప్రయోజనం కలగలేదు.

అమెరికాలో మార్క్ గ్రనొవెటర్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు 1973లో ఒక వ్యాసం ప్రకటించాడు. బోస్టన్ పరిసరాల్లో తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను పట్టుకుని, ఆ కబురు చెప్పిన మనిషిని మీరెంత తరచుగా కలుస్తూ వుండేవారని అడిగాడు. తరచుగా కలిసేవాళ్లమన్నవాళ్లు నూటికి 17 మంది దాకా. అప్పుడప్పుడన్నవాళ్లు 56 దాకా. ఎప్పుడో గాని కలవమన్నవాళ్లు 28 దాకా. కారణం సులువే. మన ఆప్తులకు తెలిసింది మనకూ తెలిసే వుంటుంది. కొత్త కబురు రావాలంటే మరో గుంపులో తిరిగే మనిషి నోటినుంచే రావాలి. అంటే అన్నదమ్ములకన్నా గానసభలో పక్క కుర్చీవాడే అక్కరకు వస్తాడన్నమాట. మన కవులు ఈ రెండు దారులూ తొక్కినవాళ్లే. ప్రౌఢదేవరాయల కొలువులో శ్రీనాథుడు డిండిమభట్టును ఓడించి, కంచుఢక్క పగలగొట్టించి గాని నెగ్గుకు రాలేదంటారు; అది నేటి ఇంటర్వ్యూలాంటిది. హరవిలాసం మాత్రం చిన్ననాటి స్నేహితుడైన వర్తకుడు అవచి తిప్పయసెట్టికి అంకితమయింది. అక్కడ ఢక్కలతో పని పడలేదు.

మందుల వ్యాపారి పని రెండు నెలల్లో పూర్తయింది. మధ్యలో ఎవరూ లేరు గనక పైకం మూడు విడతల్లో నేరుగా వచ్చింది. కాని అసలు తంటా ఆ తరవాత మొదలయింది. "మనవాడే గదా" అనే మాట వున్నదే, అది కన్సల్టెన్సీ కోతను మించిన కోత. ఆదివారం పొద్దున్నే ఫోను: "బాబూ, ఆ బిల్లుమీద మా దేవుడి బొమ్మ కూడా పడేటట్లు చెయ్యి." బుధవారం ఫోను: "మా బావమరిది కొట్టుకు కూడా ఇదే పెట్టు, ఎట్లాగూ రాసిందే గదా!" మా బంధువులొకరు కూతురి పెళ్లికి కంప్యూటరు శుభలేఖ చేయించుకుని, ప్రతిఫలంగా వాడికి అరిసెలు పంపారు. దళారీకి ఇచ్చేది కమీషను అయితే, పరిచయానికి ఇచ్చుకునేది మొహమాటం. కమీషనుకు లెక్కన్నా వుంటుంది.

మావాడికి డబ్బు అడగడానికి నోరు రాదు. సిఫారసు చేసిన పెద్దమనిషి మొహం అడ్డువస్తుంది; ఆయన్ని పరిచయం చేసిన నా మొహం అంతకన్నా అడ్డువస్తుంది. ఇంక లాభం లేదని ఒకరోజు ముగ్గురం నారాయణగూడలో ఆ వ్యాపారి కొట్లోనే కూర్చున్నాం. ఒప్పందం నేనే తెలుగులో రాశాను. చేసిన పని ఇది. దీనికి మించినది కొత్త పద్దు. చిన్న మార్పులు నెలకు రెండు ఉచితం. బిల్లు ఇచ్చిన ముప్పై రోజుల్లో పైకం. వ్యాపారి కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఏండ్ల సంది సంతకాలు పెడుతున్న సార్, సదివి పెట్టుడు ఇదే ఫస్టు," అంటూ సంతకం చేశాడు. కోపం వస్తుందని మావాడు ఊరికే భయపడ్డాడు. దేవుడి బొమ్మకు వేరే పద్దు రాసుకోమని ఆయనే అన్నాడు.

మావాడు ఆ తరవాత ఉద్యమ్ అనే ప్రభుత్వ నమోదు కూడా చేయించుకున్నాడు. సూక్ష్మ, చిన్నతరహా సంస్థల కోసం 2006లో వచ్చిన చట్టం ప్రకారం, అలా నమోదైన చిన్నవాడికి ఎంత పెద్ద సంస్థయినా 45 రోజులు మించకుండా పైకం ఇవ్వాలి. రాతలో గడువు లేకపోతే పదిహేను రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. ఒంటరి మనిషి చేసే ప్రోగ్రాము పనికీ ఇది వర్తిస్తుందని చాలామందికి తెలియదు. వడ్డీ సంగతి ఉత్తరం చివర ఒక్క వాక్యం రాస్తే చాలు, కొన్ని బిల్లులు వాటంతట అవే కదులుతాయని మావాడి అనుభవం.

ఇంతకూ ఆ అచ్చంపేట కుర్రవాడి సంగతి చెప్పలేదు. మావాడికి పని దొరికిన కబురు విని అతడొక మాటన్నాడు. "మీ అల్లునికి మీరున్నరు సార్. గానసభకు తోలుకపోతరు. నాకెవరున్నరు? నాకు ఫోన్ల మాట్లాడే కన్సల్టెన్సోడే మేనమామ."

నాకు వెంటనే జవాబు తోచలేదు. పరిచయాల గొప్పతనం గురించి చెప్పేవాళ్లమంతా పరిచయాలున్నవాళ్లమే. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఇంటిపేరేమిటి అని గానసభ మెట్లమీద మనం మర్యాదగా అడిగే ప్రశ్నలు ఎంతమందిని మెట్లకిందే ఆపుతాయో ఆలోచించం. కన్సల్టెన్సీ అమ్మాయి ఇంటిపేరు అడగదు. ఎన్నేళ్లుగా రాస్తున్నావు, ఎప్పుడు చేరతావు అంటుంది. నూటికి యాభై కోసుకుంటే కోసుకున్నారు గాని, పల్లెనుంచి వచ్చిన పిల్లవాణ్ణి గచ్చిబౌలి గుమ్మం దాటించింది వాళ్లే. ఈ ఒక్క విషయంలో వాళ్లు మనకన్నా మెరుగని ఒప్పుకోవాలి.

అయితే ఆ కుర్రవాడికి పరిచయాలు లేవన్నమాటా పూర్తిగా నిజం కాదు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో రెండేళ్లు ఒకే బల్లదగ్గర చదివాడు. పొద్దున్నే వెళ్లి సీటు పట్టుకోవడం, ఒకరు చాయ్‌కి పోతే మరొకరు పుస్తకం కాపలా కాయడం, నోట్సు మార్చుకోవడం. ఆ బల్లవాళ్లలో ఒకడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ఒకడు ఊళ్లో ఎరువుల దుకాణం పెట్టాడు. ఒకామె ప్రైవేటు ఆస్పత్రిలో పరిపాలన చూస్తున్నది. పరీక్షకోసం కలిసినవాళ్లు గనక పరీక్ష పోగానే పరిచయమూ పోయిందనుకున్నాడతను. "ఎరువుల దుకాణంలో కూడా గడువు తేదీలుంటాయి గదయ్యా!" అన్నాను. అతను ఒక్క క్షణం నావంక చూసి ఫోను తీశాడు.

ఎరువులూ, పురుగుమందులూ అమ్మే ఆ స్నేహితుడికి మావాడు రాసిన మందుల ప్రోగ్రామునే మార్చి ఇవ్వాలని నిశ్చయమయింది. మార్చేది అచ్చంపేట కుర్రవాడు. మొదట రాసింది మావాడు. బేరం తెచ్చింది లైబ్రరీ బల్ల. ఎవరి వాటా ఎంత? ఇరానీ హోటల్లో కూర్చున్నాం. తనకేమీ వద్దని మావాడు మొహమాటపడ్డాడు. "వద్దంటే రేపు నేను నిన్ను అడగలేను," అని ఆ కుర్రవాడు పట్టుబట్టాడు. నూటికి ఇరవై అన్నాడతను. అయిదు చాలన్నాడు మావాడు. రెండో చాయ్ వచ్చేసరికి పది దగ్గర తెగింది. ఆ పది ఎందుకు తీసుకుంటున్నారో ఎరువుల దుకాణంవాడికి కూడా చెప్పాలని నేనన్నాను. ఇద్దరూ సరేనని, కాగితం నన్నే రాయమన్నారు. హోటల్లో తెల్లకాగితం దొరకలేదు. ఉస్మానియా బిస్కట్ల పొట్లం విప్పి, దాని వెనక రాశాను.